బ్యాటరీ పోయిన పనిముట్టు పనికిరానిది కాదు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన రైతు నాగలి కర్రు అరిగినప్పుడు నాగలినంతటిని తీసికొనిపోయి పొయ్యిలో పెట్టడు. కర్రును ఊడదీసి, కమ్మరి కొలిమికి కొనిపోయి, సాగగొట్టించి తెచ్చుకొనును. బండి ఇరుసు అరిగినచో ఇరుసును మార్చునుగాని బండిని అమ్ముకొనడు. ఒక వస్తువులో ఏ భాగము త్వరగా అరుగునో, ఏ భాగము చిరకాలము నిలుచునో తెలిసికొని మసలుకొనుట మన గ్రామములకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. కాని బ్యాటరీతో నడచు పనిముట్ల విషయమున మాత్రము ఈ తెలివిని మనము మరచిపోవుచున్నాము. బ్యాటరీ చచ్చిపోయిన దినముననే పనిముట్టు కూడ చచ్చిపోయినదని నిశ్చయించి దానిని మూలకు నెట్టుచున్నాము. ఈ దినమున నేను మీతో మనవి చేయదలచినది ఈ ఒక్క విషయమే.

ఇది చిన్న విషయము కాదు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోను ఏ గ్రామమునకు పోయినను వీపున తగిలించుకొను బ్యాటరీ స్ప్రేయరు కనబడును. వరికి, మొక్కజొన్నకు, జీడిమామిడికి మందు కొట్టుటకు రైతులు దీనిని వాడుచున్నారు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు వీధులలో హైపోక్లోరైటు ద్రావణము చల్లుటకు పారిశుద్ధ్య కార్మికులు ఇట్టి స్ప్రేయర్లనే భుజమునకు ఎత్తుకొనిరి. వానకాలమున మురుగు కాలువలలో దోమల మందు చల్లుటకును ఇవి ఉపయోగపడును. వీనికి తోడు, కుళాయి గొట్టములకు బిగింపులు వేయుటకు, తలుపులకు గడియలు బిగించుటకు వాడు బ్యాటరీ డ్రిల్లింగు మిషను, కొమ్మలు కోయు చిన్న రంపము మొదలగునవి వడ్రంగుల యొద్దను, ప్లంబర్ల యొద్దను, కొన్ని పంచాయతీల యొద్దను ఉన్నవి.

ఇట్టి స్ప్రేయరు మూలబడినచో ఏమగును? చేతితో పిడి కొట్టుచు మందు చల్లు పాత పంపు మరల కార్మికుని భుజముమీదికి వచ్చును. 16 లీటర్ల నీరు వీపున మోయుచు, ఒక చేతితో పిడి ఆడించుచు, రెండవ చేతితో గొట్టము పట్టుకొని వీధి వీధి తిరుగుట ఎంత శ్రమయో ఆ పని చేసినవారికి తెలియును. పని సగములో ఆగిన వీధిలో దోమలు ఆగవు. మూడవది డబ్బు. పంచాయతీ సొమ్ము ప్రజల సొమ్ము. పనిచేయు మోటారును, చెడని పంపును, పగలని ట్యాంకును పాత ఇనుప సామానులవానికి తూకమునకు వేసి క్రొత్త యంత్రము కొనుట ఆ సొమ్మును మురుగు కాలువలో పోయుటయే.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన కారణము మరియొకటి గలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. కరెంటు స్తంభములు కూలి ఎన్నో గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. అట్టి సమయమున తీగతో నడచు యంత్రము ఎంత మంచిదైనను కట్టెతో సమానము. బ్యాటరీ పనిముట్టు, దాని బ్యాటరీ బాగుగా నున్నచో, ఎగిరిపోయిన రేకును తిరిగి బిగించుటకు, దారికి అడ్డముపడిన కొమ్మను కోయుటకు ఆ వేళ అక్కరకు వచ్చును. తుపాను వచ్చిన తరువాత బ్యాటరీ కొరకు వెదకుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లగును.

పాత బ్యాటరీ అంగడిలో ఏల దొరకదు?

పనిముట్టును ఆరు, ఏడు సంవత్సరముల క్రిందట కొన్నాము. దానికి సరిపోవు బ్యాటరీ నేడు అడిగిన, "ఆ రకము ఇప్పుడు రాదు" అని అంగడివాడు చెప్పుచున్నాడు. దీనికి కారణము తెలిసికొనిన మన వెదకులాట సులభమగును.

బ్యాటరీతో నడచు చేతి డ్రిల్లును అమెరికా దేశమున బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1961లో బజారునకు తెచ్చినది. అందులో నికెల్, కాడ్మియము అను లోహములతో చేసిన సెల్లులు ఉండెడివి. ఆ తరువాత నాలుగు దశాబ్దములకు పైగా ఇట్టి పనిముట్లలో ప్రధానముగా ఆ రకము సెల్లులే నడచినవి. ఒక్కొక్క సెల్లు 1.2 వోల్టులు ఇచ్చును. కాబట్టి 12 వోల్టుల బ్యాటరీలో 10 సెల్లులు, 18 వోల్టుల బ్యాటరీలో 15 సెల్లులు వరుసగా కలుపబడియుండును. 1991లో జపాను దేశపు సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని వ్యాపారమునకు తెచ్చినది. 2005 ప్రాంతమున అది పెద్ద పనిముట్లలోనికి ప్రవేశించినది. లిథియం సెల్లు ఒక్కటి సుమారు 3.6 వోల్టులు ఇచ్చును గనుక 18 వోల్టులకు 5 సెల్లుల వరుస చాలును. బరువు తగ్గినది, పని పెరిగినది. కాడ్మియము విషలోహమగుటచే ఐరోపా సంఘము ఈ పనిముట్లలో దాని వాడుకకు ఇచ్చిన మినహాయింపును 2016వ సంవత్సరాంతముతో ముగించినది. బజారు తగ్గినకొలది ఆ పాత రకము తయారీయు తగ్గినది.

రెండవ కారణము తయారీదారుల పద్ధతి. వోల్టులు ఒకటే యైనను ఒక కంపెనీ బ్యాటరీ మరియొక కంపెనీ పనిముట్టునకు సామాన్యముగా ఎక్కదు. గాడి వేరు, కొక్కెము వేరు, విద్యుత్తు అందుకొను రేకుల అమరిక వేరు. ఒకే కంపెనీలో సైతము పాత తరము బ్యాటరీ ఒక ఆకారము, క్రొత్త తరము మరియొక ఆకారము. ఇట్లు మంచి మోటారుగల పనిముట్టు తిండి లేక పడియుండుచున్నది.

స్ప్రేయరు విషయమున మనము అదృష్టవంతులము. చాలా స్ప్రేయర్లలో 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ యుండును. ఇది ఒక కంపెనీకి కట్టుబడిన ఆకారము కాదు. పలాస, బొబ్బిలి, రాజాం, పాలకొండ వంటి పట్టణములలో ఇన్వర్టర్లకు, కంప్యూటరు యూ.పి.ఎస్.లకు బ్యాటరీలు అమ్ము అంగళ్ళలో ఇట్టివానిని గూర్చి విచారింపవచ్చును. డ్రిల్లు, రంపము మొదలగు వానికి విశాఖపట్నము వంటి నగరములలోని కంపెనీ సేవాకేంద్రములను అడుగవలసి వచ్చును.

ముందుగా దోషమెక్కడనో తెలిసికొనుడు

పనిముట్టు తిరుగలేదనగానే బ్యాటరీ పోయినదని తీర్పు చెప్పరాదు. వైద్యుడు నాడి చూచి మందిచ్చును. మనమును అట్లే చేయవలెను.

మొదట ఛార్జరును పరీక్షింపుడు. దాని దీపము వెలుగుచున్నదా, తీగ ఎలుక కొరికినదా, పిన్ను వదులైనదా చూడుడు. తరువాత స్విచ్చి, ఫ్యూజు, బ్యాటరీకి తగులు రేకులు చూడుడు. మందునీరు కారి ఆ రేకులకు చిలుము పట్టుట స్ప్రేయర్లలో తరచుగా జరుగును. బ్యాటరీని ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, సన్నని గరుకు కాగితముతో రుద్దిన మాత్రముననే కొన్ని పనిముట్లు లేచి నడచును. పంపులో మందు గడ్డకట్టి బిగిసిపోయినను మోటారు తిరుగదు.

ఇవి అన్నియు బాగుగా నున్నచో మల్టీమీటరుతో బ్యాటరీని కొలువవలెను. ఊరి ఎలక్ట్రీషియను యొద్ద ఈ సాధనము ఉండును. 12 వోల్టుల సీసపు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, కొన్ని గంటలు ఊరకుంచి కొలిచినచో 12.6 వోల్టులకు తగ్గకూడదు. స్ప్రేయరు పంపు నడుచుచుండగా మరల కొలువుడు. కొద్ది నిమిషములలోనే 10.5 వోల్టులకు పడిపోయినచో దాని ఆయువు తీరినదని గ్రహింపవచ్చును. ఊరకున్నప్పుడు నిండుగా కనబడి, పని చెప్పగానే కూలబడు బ్యాటరీలు చాల గలవు. అందుచేత పనిలో పెట్టి కొలుచుటయే సరియైన పరీక్ష.

చీటీ మీద చదువవలసినవి

బ్యాటరీ పోయినదని తేలిన పిదప దాని మీది చీటీని కాగితము మీదికి ఎత్తి వ్రాసికొనుడు. చేతిలో ఫోను ఉన్నవారు బొమ్మ తీసికొనుడు. నాలుగు సంగతులు ముఖ్యము.

మొదటిది వోల్టులు. ఇవి పాత బ్యాటరీకి సరిపోవలెను. ఎక్కువ వోల్టుల బ్యాటరీ పెట్టిన బలము పెరుగునని భ్రమపడి మోటారును కాల్చుకొనరాదు. ఒక చిన్న మెలిక యున్నది. కొన్ని కంపెనీలు 5 లిథియం సెల్లుల వరుసగల బ్యాటరీని 18 వోల్టులని వ్రాయును, మరికొన్ని దానినే 20 వోల్టులని వ్రాయును. నిండుగా ఛార్జి అయినప్పటి వోల్టులను లెక్కించుటచే ఈ భేదము వచ్చినది. లోపలి సెల్లుల సంఖ్య ఒక్కటే.

రెండవది ఆంపియర్-అవర్లు. ఇది చెరువులో నీరు ఎంత యున్నదో చెప్పు కొలతవంటిది. ఇది పాతదానికంటె ఎక్కువైనను హాని లేదు, పని ఎక్కువసేపు జరుగును. కాని 2 ఆంపియర్-అవర్ల చోట 4 ఆంపియర్-అవర్లు పెట్టినచో అదే ఛార్జరు నింపుటకు సుమారు రెండింతల కాలము పట్టును. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించిన మొత్తము శక్తి తెలియును. 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లు అనగా 96 వాట్-అవర్లు. పంపు రెండున్నర ఆంపియర్లు తీసికొనునని అనుకొందము. లెక్కకు మూడు గంటల పైచిలుకు నడువవలెను. ఆచరణలో కొంత తక్కువ నడచును.

మూడవది బ్యాటరీ జాతి. సీసమా, నికెల్-కాడ్మియమా, నికెల్-మెటల్ హైడ్రైడా, లిథియమా అన్నది తప్పక చూడవలెను. ఛార్జరు దానికి తగినదై యుండవలెను గనుక ఇది అన్నిటికంటె ముఖ్యము. నాలుగవది ఆకారము. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి వ్రాయుడు. యూ.పి.ఎస్.లో వాడు 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 12 వోల్టులదే యైనను స్ప్రేయరు అరలో ఇముడునో ఇముడదో కొలతయే చెప్పును.

నాలుగు మార్గములు

మొదటి మార్గము, అదే కంపెనీ తయారుచేసిన అసలు బ్యాటరీ కొనుట. చీటీ మీది నమూనా సంఖ్యతో కంపెనీ సేవాకేంద్రమును అడుగవలెను. కొన్న రసీదు, గ్యారంటీ దొరకును. కాని తయారైన తేదీ తప్పక చూడుడు. అంగడి అరలో సంవత్సరముల తరబడి పడియున్న బ్యాటరీ వాడకపోయినను ముసలిదగును. ముఖ్యముగా సీసపు బ్యాటరీ ఛార్జి లేక నిలువయుండినచో లోపలి పలకలకు తెల్లని లవణము పట్టి మరల కోలుకొనదు. కంపెనీ విడిభాగములను గూర్చి ఎక్కడ అడుగవలెనో తెలియనివారి కొరకు భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరు 24వ తేదీన మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు అందులో చేర్చిన రంగములలో ఒకటి. కొనిన వస్తువు విషయమున మోసము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నెంబరుపై ఫిర్యాదు చేయవచ్చును.

రెండవ మార్గము, ఇతరులు తయారుచేసిన సరిపోవు బ్యాటరీ కొనుట. ఇది చౌక. కాని చౌకతో పాటు మోసమును ఉండవచ్చును. లిథియం సెల్లులకు, బ్యాటరీలకు భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 16046 అను ప్రమాణమును నిర్ణయించినది. ఆ సంఖ్యయు, ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉన్న వస్తువునే కొనుడు. మరియొక గుర్తు చెప్పెదను. 18650 అను పేరుగల సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండును. ఆ పరిమాణమున మంచి సెల్లు పట్టగలది 3,500 మిల్లీ ఆంపియర్-అవర్ల ప్రాంతము. దాని మీద 9,900 అని వ్రాసియున్నచో అది మానెడు కుంచములో బస్తా ధాన్యము కొలిచితినని చెప్పినట్లే.

మూడవ మార్గము, పాత డబ్బాను విప్పి లోపలి సెల్లులను మార్పించుట. అంగడిలో దొరకని పాత రకములకు తరచుగా ఇదియొక్కటే దారి. డబ్బా పాతదే, కొక్కెము పాతదే, లోపలి ప్రాణము మాత్రము క్రొత్తది. కాని ఇది తెలిసినవాని పని. సెల్లుల మీద నేరుగా టంకము కాల్చి అతుకరాదు. నికెల్ రేకులను స్పాట్ వెల్డింగుతో అతికించు సాధనము కావలెను. సెల్లులన్నియు ఒకే రకము, ఒకే వయస్సు కలవిగా నుండవలెను. పదునైదింటిలో ఒక్క సెల్లు బలహీనమైనను మొత్తము జట్టును అది క్రిందికి లాగును. టార్చిలైటులోని సెల్లులు, పాత ల్యాప్‌టాప్ నుండి తీసిన సెల్లులు డ్రిల్లుకు పనికిరావు. డ్రిల్లు ఒక్కసారిగా పెద్ద విద్యుత్తును లాగును. దానిని భరింపగల రకము సెల్లులే కావలెను. లిథియం సెల్లులు వేసినప్పుడు రక్షణ సర్క్యూటు తప్పక ఉండవలెను.

నాలుగవ మార్గము, జాతినే మార్చుట. స్ప్రేయరులోని సీసపు బ్యాటరీ స్థానమున 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ పెట్టవచ్చును. ఇందులో 3.2 వోల్టుల సెల్లులు నాలుగు ఉండును. సీసపుదానికంటె చాల తేలిక, ఆయువు ఎక్కువ, ధరయు ఎక్కువ. మోయువాని వీపు తేలికపడుట గొప్ప లాభమే. అయితే దానికి తగిన ఛార్జరును దానితోడనే కొనవలెను.

హెచ్చరిక

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. పాత నికెల్ బ్యాటరీ ఛార్జరుతో గాని, సీసపు బ్యాటరీ ఛార్జరుతో గాని లిథియం బ్యాటరీని ఛార్జి చేయరాదు. పిన్ను సరిపోయినంత మాత్రమున సరియైనది కాదు. లిథియం-అయాన్ సెల్లును 4.2 వోల్టుల వద్ద ఖచ్చితముగా ఆపవలెను. పాత ఛార్జరుకు ఆ ఆపుట తెలియదు. మితిమీరి నిండిన సెల్లు వేడెక్కి, ఉబ్బి, మంటలు లేవవచ్చును. ఉబ్బిన బ్యాటరీని, క్రిందపడి నొక్కుకొనిన బ్యాటరీని మరల ఛార్జికి పెట్టరాదు. రాత్రి అందరు నిద్రించునప్పుడు, తాటాకు పాకలో, గడ్డివాము ప్రక్కన, పురుగుమందుల గదిలో ఛార్జింగు పెట్టరాదు. ఎండకు కాగిన రేకుల గదిలో ఉంచిన బ్యాటరీ త్వరగా ముసలిదగును. చల్లని, పొడిగానున్న చోట ఉంచుడు.

పాత బ్యాటరీ ఎక్కడికి పోవలెను?

క్రొత్తది వచ్చినది సరే, పాతది ఏమగుచున్నది? ఈ ప్రశ్న పంచాయతీ సభ్యులు అడుగవలసినది. సీసపు బ్యాటరీని పగులగొట్టి ఆమ్లమును నేలపై పోసి, సీసమును పొయ్యి మీద కరిగించువారు కొన్నిచోట్ల ఉందురు. ఆ పొగ పీల్చిన పసిబిడ్డల మెదడునకు సీసము హాని చేయును. ఆ నేలనుండి ఆమ్లము బావినీటిలోనికి దిగవచ్చును. కాడ్మియము మూత్రపిండములకు చెరుపు చేయును. మూత్రపిండముల వ్యాధితో చిరకాలముగా బాధపడుచున్న ఉద్దానపు ప్రజలకు ఆ అవయవముల విలువ ఎవరును చెప్పనక్కరలేదు. అక్కడి వ్యాధికి బ్యాటరీలు కారణమని నేను చెప్పుటలేదు. మూత్రపిండములకు హాని చేయు వస్తువును ఏ గ్రామపు నేలలోను కలుపరాదని మాత్రమే నా మనవి.

2001లో చేసిన పాత నిబంధనల స్థానమున భారత ప్రభుత్వము 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నిబంధనలను ప్రకటించినది. వీని ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపు బాధ్యత తయారీదారులపైనను, దిగుమతిదారులపైనను ఉన్నది. వాడుకదారుని విధి వానిని ఇతర చెత్తతో కలుపక వేరుగా ఉంచి, సేకరించువారికి అప్పగించుట. చక్రముల చెత్తబుట్టపై అడ్డగీతలు గీసిన గుర్తును మీరు బ్యాటరీల మీద చూచియుందురు. దాని అర్థము, దీనిని చెత్తలో వేయరాదని. కనుక మన చెత్త నుండి సంపద తయారీ కేంద్రమున బ్యాటరీల కొరకు మూతగల ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేరుగా పెట్టుడు. లిథియం బ్యాటరీల కొనలకు టేపు అంటించి వేయుడు. క్రొత్తది కొనునప్పుడు పాత సీసపు బ్యాటరీని అంగడివానికి ఇచ్చి ధరలో తగ్గింపు అడుగుడు. సీసమునకు విలువ యున్నది గనుక బ్యాటరీ అంగళ్ళవారు దానిని పుచ్చుకొందురు.

ఏది బాగుచేయవలెను, ఏది విడువవలెను?

"క్రొత్త స్ప్రేయరే చౌకగా వచ్చుచుండగా ఈ బాధ యంతయు ఏల?" అని ఒక సభ్యుడు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ధరలు ఊరూరికి, నెలనెలకు మారును గనుక రూపాయలు చెప్పను, లెక్క వేయు పద్ధతి చెప్పెదను. క్రొత్త పనిముట్టు వెల నాలుగు పాళ్ళు, దాని బ్యాటరీ వెల ఒక పాలు అనుకొందము. మోటారు, పంపు, ట్యాంకు బాగుగానున్నచో, నాలుగు పాళ్ళు పెట్టి కొనుటకంటె ఒక పాలు పెట్టి బాగుచేసికొనుట లాభము. అట్లుగాక పంపు కారుచున్నది, మోటారు కాలినది, బ్యాటరీ వెలయే క్రొత్త పనిముట్టు వెలలో సగమునకు మించుచున్నది అన్నచో విడిచివేయుట మేలు. పాతదనుచు అన్నిటిని పారవేయుటయు తప్పే, పాతదనుచు అన్నిటిని పట్టుకొని వ్రేలాడుటయు తప్పే. కొలిచి, లెక్కించి నిర్ణయింపవలెను. ఆ లెక్కను కాగితముపై వ్రాసి సభ ముందు పెట్టవలెను.

పంచాయతీ చేయదగినవి

మీ తరువాతి సమావేశమున ఈ పనులను గూర్చి తీర్మానింప మనవి చేయుచున్నాను.

మొదటిది, కార్యదర్శి గారితో కలిసి పంచాయతీ ఆస్తుల జాబితాలోని బ్యాటరీ పనిముట్లన్నిటిని బయటికి తీయించి వరుసగా పెట్టించుడు. ప్రతిదాని ఎదుట వోల్టులు, ఆంపియర్-అవర్లు, జాతి, నమూనా సంఖ్య, కొన్న సంవత్సరము వ్రాయించుడు. ఒకే రకమువి రెండు మూడు ఉన్నచో ఒకదాని మంచి బ్యాటరీ మరియొకదాని మంచి మోటారుతో కలిసి వెంటనే ఒక పనిముట్టు సిద్ధము కావచ్చును.

రెండవది, ఇకముందు కొనునప్పుడు పనిముట్టు ధరతో పాటు విడి బ్యాటరీ ధరను కూడ వ్రాసి ఇమ్మని అంగడివారిని అడుగుడు. విడి బ్యాటరీ ధర చెప్పలేనివాని వద్ద పనిముట్టు కొనవలదు. ఎద్దును కొనువాడు మేత ఎక్కడ దొరకునో ముందుగా చూచుకొనును గదా! డ్రిల్లు, రంపము, టార్చి మొదలగునవి ఒకే బ్యాటరీతో నడచునవి ఎన్నుకొనిన, రెండు బ్యాటరీలతో అనేక పనులు సాగును. ప్రక్క పంచాయతీలవారితో మాటలాడుకొని ఒకే రకము కొనినచో అవసరమునకు ఒకరినొకరు ఆదుకొనవచ్చును.

మూడవది, సంరక్షణ భారమును ఒక్కరికి పేరు పెట్టి అప్పగింపుడు. అందరి పని ఎవరి పనియు కాదు. సీసపు బ్యాటరీని పని ముగిసిన దినముననే నింపి పెట్టవలెను. పని లేని నెలలలో సైతము రెండు నెలలకొకమారు ఛార్జి చేయవలెను. లిథియం బ్యాటరీని చాలకాలము ఊరకుంచునప్పుడు సగము నింపి ఉంచుట మేలు. తుపానులు తరచుగా వచ్చు అక్టోబరు, నవంబరు నెలలకు ముందు సెప్టెంబరులోనే అన్నిటిని పరీక్షింపుడు.

నాలుగవది, గ్రామములోని ఐ.టి.ఐ. చదివిన యువకులకు, యువతులకు ఈ పనిని అప్పగించి ప్రోత్సహింపుడు. మల్టీమీటరు, స్పాట్ వెల్డింగు సాధనము ఉన్న ఒక్క మనిషి నాలుగు గ్రామముల స్ప్రేయర్లను నిలబెట్టగలడు. కమ్మరి కొలిమి చల్లారిన ఊరిలో ఇది క్రొత్త కొలిమి కాగలదు.

మిత్రులారా, పెద్ద పెద్ద పథకములకు పెద్ద పెద్ద నిధులు కావలెను. నేను చెప్పిన దానికి కావలసినది ఒక పూట తీరిక, ఒక నోటు పుస్తకము, ఒక మీటరు. మీరు ఊరికి పోయిన తరువాత పంచాయతీ గది తాళము తీసి, మూలనున్న పనిముట్టును వెలుతురులోనికి తెచ్చి, దాని బ్యాటరీ మీది చీటీని చదువుడు. రాబోవు వానకాలమున దోమల మందు చల్లు కార్మికునికి చేతిపిడి పంపు కాక, నడచు స్ప్రేయరు అందింపుడు. ప్రజల సొమ్మును కాపాడుట అనగా ఇట్టి చిన్న పనులను విడువక చేయుటయే.